నాచారం నుంచి గోషామహల్‌కు... నెలకోసారి 'లాడ్జి' ప్రయాణం

ఉప్పల్: "మీ ఇంటాయన నెలకోసారి తప్పకుండ లాడ్జికి పోతడట గదా వదినా?" అంటూ నాచారంలో ఒక ఇల్లాలిని ఇరుగుపొరుగు ఆడవాళ్లు చాలాకాలం ఆటపట్టించారు. మొదట్లో ఆమె ఉడుక్కునేది. తర్వాత తర్వాత తానే నవ్వుతూ, "అవును, తెల్లటి చేతితొడుగులు వేసుకొని, నడుముకు తోలుగుడ్డ కట్టుకొని కూసుంటరట. నన్నయితే లోపలికి రానియ్యరు" అని జవాబు చెప్పడం నేర్చుకుంది.

మన పల్లెల్లో లాడ్జి అంటే బస్టాండు పక్కన రోజు అద్దెకు గదులిచ్చే మేడ. ఆ మాట వింటేనే ముఖం చిట్లించే పెద్దలున్నారు. ఈ ఇంటి పెద్దాయన వెళ్లే లాడ్జి అది కాదు. 'ఫ్రీమేసన్లు' అనే సంఘంవారు ఒక్కొక్క శాఖను లాడ్జి అంటారు. నెలకో సాయంత్రం వారు కూడుకుంటారు. నాచారం పారిశ్రామికవాడలో ఒక ఫ్యాక్టరీలో పనిచేసి రిటైరైన ఈయన ఎన్నో ఏళ్లుగా ఆ సాయంత్రం తప్పలేదు. నెల మొదట్లో వచ్చే నోటీసును పంచాంగం పక్కనే పెట్టుకుంటారు. ఆ రోజు పెళ్లి పిలుపు వచ్చినా పొద్దున్నే వెళ్లి అక్షింతలు వేసి వచ్చేస్తారట.

గోడకెక్కిన గుణ్యా

ఈ సంగతి వీధిలో నలుగురికీ తెలిసింది ప్రహరీగోడ కట్టించేటప్పుడు. ఉప్పల్ అడ్డా మీద మాట్లాడుకొచ్చిన తాపీ మేస్త్రీ మంచినీళ్ల కోసం వరండాలోకి వచ్చి, గోడకు వేలాడుతున్న పటం చూశాడు. అందులో ఒక మూలమట్టం, దానిమీద కాళ్లు చాపిన కంపాసు బొమ్మ ఉన్నాయి. "ఇదేంది సార్, మా గుణ్యా మీ గోడకెక్కింది?" అని అడిగాడు. మన ప్రాంతపు మేస్త్రీలు మూలమట్టాన్ని గుణ్యా అంటారు.

పెద్దాయన కుర్చీ వేయించి తనకు తెలిసినంత, చెప్పదగినంత చెప్పారు. మేస్త్రీ విన్నాడు. విన్నాక ఒకే ఒక ప్రశ్న అడిగాడు. ఆ ప్రశ్నకు పెద్దాయన దగ్గర వెంటనే జవాబు లేకపోయింది. అదేమిటో తెలియాలంటే ముందు ఈ సంఘం కథ తెలియాలి.

రేకుల షెడ్డు నుంచి రాజమహలు దాకా

మేసన్ అంటే రాయి చెక్కి కట్టుబడి చేసేవాడు. మన వడ్డెరలు, తాపీ మేస్త్రీలు చేసే పనే. ఐరోపాలో మధ్యయుగాల్లో పెద్ద పెద్ద చర్చీలు, కోటలు కట్టేవారు. ఒక్కొక్కటి పూర్తికావడానికి దశాబ్దాలు పట్టేది. పనివాళ్లు కట్టడం పక్కనే పాక వేసుకొని పనిముట్లు అందులో దాచుకునేవారు. అన్నం తినడం, ఎండకూ వానకూ తలదాచుకోవడం అక్కడే. ఆ పాక పేరే లాడ్జి. ఇప్పుడు ఉప్పల్‌లో అపార్టుమెంటు కట్టేచోట పాలమూరు కూలీలు వేసుకునే రేకుల షెడ్డు లాంటిదన్నమాట.

అప్పట్లో సర్టిఫికెట్లు లేవు. ఒక ఊరి పనివాడు ఇంకో ఊరికి పోతే తాను నిజంగా పని నేర్చినవాడినని ఎలా చెప్పుకోవాలి? అందుకని చేయి కలిపే తీరు, ఒక గుర్తుమాట పెట్టుకున్నారని చెబుతారు. నేర్చుకుంటున్న కుర్రవాడికి ఒక గుర్తు, పని వచ్చినవాడికి ఇంకొకటి. కూలి దాన్నిబట్టే. ఈనాటి ఫ్రీమేసన్ల 'రహస్యాల'కు మూలం ఇక్కడ ఉంది.

కాలం గడిచింది. రాయి ముట్టని పెద్దమనుషులు కూడా ఈ లాడ్జీల్లో చేరడం మొదలుపెట్టారు. ఇంగ్లండులో ఎలియాస్ ఆష్మోల్ అనే పండితుడు 1646లో చేరినట్టు తన డైరీలో రాసుకున్నాడు. 1717 జూన్ 24న లండన్‌లో నాలుగు లాడ్జీలవారు ఒక తాగుడు అంగడిలో కలిసి 'గ్రాండ్ లాడ్జి'గా ఏర్పడ్డారు. అప్పటినుంచి ఇది కట్టడాలు కట్టే సంఘం కాదు. మేస్త్రీ పనిముట్లను అడ్డం పెట్టుకొని మంచి నడవడి నేర్చుకునే సంఘం.

మన దేశానికి ఇది ఈస్టిండియా కంపెనీ వాళ్లతో వచ్చింది. మొదటి లాడ్జి 1730లో కలకత్తా ఫోర్ట్ విలియంలో పెట్టారు. తర్వాత మద్రాసులో వచ్చింది. సికింద్రాబాద్ కంటోన్మెంట్‌లో దిగిన తెల్లదొరల సైనికాధికారులు మన వైపుకు తెచ్చారు. స్వాతంత్ర్యం వచ్చాక 1961 నవంబర్ 24న ఢిల్లీలో 'గ్రాండ్ లాడ్జ్ ఆఫ్ ఇండియా' ఏర్పడింది. రాంపూర్ నవాబు రజా అలీ ఖాన్ దానికి మొదటి గ్రాండ్ మాస్టర్. దేశమంతటా దాని కింద నాలుగు వందలకు పైగా లాడ్జీలున్నాయి.

తానీషా మహల్లో

హైదరాబాద్‌లో ఈ సంఘానికి పేరుమోసిన చోటు గోషామహల్ బారాదరి. భద్రాచలం రామదాసు కథ విన్న వారందరికీ తెలిసిన తానీషా, అంటే చివరి కుతుబ్‌షాహీ నవాబు అబుల్ హసన్, 1682లో దీన్ని కట్టించాడు. గోషా అంటే పరదా. రాణివాసపు స్త్రీల కోసం కట్టిన చోటు కనుక ఆ పేరు. బారాదరి అంటే పన్నెండు గుమ్మాల మంటపం. కట్టిన అయిదేళ్లకే, 1687లో ఔరంగజేబు గోల్కొండను పట్టుకున్నాడు. తానీషా ఖైదీ అయ్యాడు. మహలులో తర్వాత సైన్యం దిగింది.

1872లో ఈ భవనాన్ని ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ పేరుమీద ఫ్రీమేసన్లకు ఇచ్చారు. అప్పటికి నిజాంకు ఆరేళ్లు. పరిపాలన దివాన్ మొదటి సాలార్ జంగ్ చేతిలో ఉండేది. పరదా వెనుక బతికిన రాణివాసం అలా మగవాళ్ల సంఘానికి నిలయమైంది. పరదా మాత్రం పోలేదని హాస్యానికి అంటారు.

ఇక్కడ ఒకటి కాదు, పలు లాడ్జీలు కూడుకుంటాయి. ఒక్కొక్కదానికి నెలలో ఒక రోజు. మన నాచారం పెద్దాయన ఒకప్పుడు సిటీ బస్సులో కోఠి దాకా పోయి అక్కడినుంచి నడిచేవారు. 2018 తర్వాత హబ్సిగూడలో మెట్రో ఎక్కి, అమీర్‌పేటలో మారి, గాంధీభవన్ స్టేషన్లో దిగుతున్నారు. చేతిలో చిన్న పెట్టె. అందులో ఇస్త్రీ చేసిన చేతితొడుగులు, మడతపెట్టిన తోలుగుడ్డ.

ఆ సాయంత్రం జరిగేది

లోపలి గుర్తులు, మాటలు బయటికి చెప్పనని ప్రతి సభ్యుడూ ప్రమాణం చేస్తాడు. అయినా సమావేశం ఎలా నడుస్తుందన్నది దాపరికమేమీ కాదు. రెండు వందల ఏళ్లకు పైగా పుస్తకాల్లో అచ్చవుతున్నదే.

తలుపు బయట ఒకాయన కత్తి దూసి నిలబడతాడు. ఆయన్ను 'టైలరు' అంటారు. బట్టలు కుట్టే టైలరు కాదు, కాపలాదారు. సభ్యులు కానివారెవరూ రాకుండా చూడటం ఆయన పని. లోపల నేల నలుపు తెలుపు గళ్లతో చదరంగం బల్లలా ఉంటుంది. మనిషి బతుకులో కష్టసుఖాలు పక్కపక్కనే ఉంటాయని దానికి అర్థం.

కూర్చునే దిక్కులు రైతుకు వెంటనే అర్థమవుతాయి. లాడ్జి పెద్ద, అంటే మాస్టరు, తూర్పున కూర్చుంటాడు. పొద్దు పొడవగానే పని మొదలుపెట్టించేవాడని అర్థం. దక్షిణాన జూనియర్ వార్డెను మిట్టమధ్యాహ్నానికి గుర్తు. పనివాళ్లను అన్నానికి పిలిచేది ఆయన. పడమట సీనియర్ వార్డెను పొద్దుగూకే వేళకు గుర్తు. పని చాలించి, ఎవరి కూలి వారికి ఇప్పించి పంపేది ఆయన. మన పొలం పని కూడా ఈ మూడు పొద్దుల మీదనే నడుస్తుంది గదా.

సభ మొదలయ్యాక కిందటి నెల మినిట్సు చదువుతారు. లెక్కలు చూస్తారు. జబ్బుపడిన సభ్యులెవరు, రానివారు ఎందుకు రాలేదు అని విచారిస్తారు. కొత్తవాడిని చేర్చుకోవాలంటే ఓటు వేస్తారు. చేయెత్తడం లేదు. పెట్టెలో గోళీలు వేయాలి. తెల్లగోళీ ఒప్పుకోలు, నల్లగోళీ నిరాకరణ. ఎవరు ఏది వేశారో తెలియదు. మన పంచాయతీల్లో చేయెత్తించి మాట పడేసుకునే తీరు చూసినవారికి ఈ పద్ధతిలోని సుఖం తెలుస్తుంది.

మధ్యలో బల్లమీద మతగ్రంథాలుంటాయి. మన దేశపు లాడ్జీల్లో భగవద్గీత, ఖురాన్, బైబిల్, గురుగ్రంథం, పార్సీల జెండ్ అవెస్తా ఉంచుతారు. ఎవరి గ్రంథం మీద వారు ప్రమాణం చేస్తారు. దేవుడిని నమ్మాలన్నది నియమం. ఏ దేవుడు అని అడగరు. ఇక రెండు విషయాలు లోపల మాట్లాడకూడదు. ఒకటి మతం, రెండోది రాజకీయం. టీ కొట్టు దగ్గర ఈ రెండూ తీసేస్తే మనకు మిగిలే మాటలు ఎన్నో లెక్కపెట్టి చూడవచ్చు.

పనిముట్లు చెప్పే పాఠం

ఈ సంఘంలో మూడు మెట్లున్నాయి. పనిలో కొత్తగా చేరిన కుర్రవాడు, పని వచ్చిన తోటివాడు, మేస్త్రీ. ఒక్కొక్క మెట్టులో కొన్ని పనిముట్లు చూపించి వాటి అర్థం చెబుతారు.

రెండడుగుల బద్ద మీద 24 అంగుళాలుంటాయి. అవి రోజులోని 24 గంటలు. కొంత దైవానికి, కొంత పనికి, కొంత విశ్రాంతికి, కష్టంలో ఉన్నవాడి కోసం కొంత పంచుకోవాలి. మూలమట్టం నడవడికి. ఎదుటివాడితో వ్యవహారం మూల తప్పకుండా ఉండాలి. తూకపు గుండు నిటారుతనానికి. గాలికి ఊగినా చివరికి నిలువుగానే నిలుస్తుంది. కంపాసు కోరికలకు గీసుకునే హద్దు. తాపీతో సున్నం పూసి రాయికి రాయిని అతికినట్టు స్నేహంతో మనిషికి మనిషిని అతకాలంటారు. చెక్కని మోటురాయి ఒకటి, చెక్కి నునుపు చేసిన రాయి ఒకటి సభలో ఉంచుతారు. మొదటిది వచ్చినప్పటి మనిషి, రెండోది కావలసిన మనిషి.

మట్టపు పలక, అంటే మన మేస్త్రీల రసమట్టం చేసే పనే చేసేది, సమానత్వానికి గుర్తు. బయట ఎవరు ఎంత పెద్ద ఉద్యోగి అయినా లోపల ఒకరినొకరు అన్నదమ్ముల వరుసతో పిలుచుకుంటారు. ఒకే ఫ్యాక్టరీలో మేనేజరు, ఆయన కింది గుమాస్తా ఒకే లాడ్జిలో ఉంటే, గుమాస్తా మాస్టరు కుర్చీలో, మేనేజరు తలుపు దగ్గర కూర్చునే రోజు రావచ్చు. ఏడాదికోసారి మాస్టరు మారుతాడు. పదవి దిగినవాడు మళ్లీ వెనుక బల్ల మీద కూర్చుంటాడు.

మేస్త్రీ ఇవన్నీ విని, దసరా నాడు తామూ తాపీ, సుత్తి, రసమట్టం కడిగి బొట్టుపెట్టి మొక్కుతామని, అయితే వాటికి ఇన్ని అర్థాలున్నట్టు తమకెవరూ చెప్పలేదని అన్నాడు. గోడ నిటారుగా రాకపోతే కూలి కోత పడుతుందన్న అర్థం ఒక్కటే తెలుసునన్నాడు.

జేబులో చిల్లిగవ్వ లేకుండా

కొత్తవాడిని చేర్చుకునే పద్ధతిలో ఒక ఘట్టం మన పాఠకులు తెలుసుకోదగినది. అతన్ని లోపలికి తేవడానికి ముందు డబ్బు, ఉంగరం, గడియారం, లోహమన్నది ఏదీ ఒంటిమీద లేకుండా తీయిస్తారు. చొక్కా ఒక పక్క తొలగించి, ఒక మోకాలు బయటికి పెట్టించి, కళ్లకు గంతలు కట్టి, మెడలో తాడు వేసి తెస్తారు. ఎంత ధనవంతుడైనా ఆ స్థితిలోనే రావాలి.

ప్రమాణం అయ్యాక గంతలు విప్పి, ఒక మూల నిలబెట్టి, బీదల కోసం ఏమైనా ఇవ్వమని అడుగుతారు. అతను జేబు తడుముకుంటాడు. ఏమీ ఉండదు. సిగ్గుపడతాడు. అప్పుడు మాస్టరు చెబుతాడు, ఇది ఆటపట్టించడానికి కాదు, చేతిలో పైసా లేక ఎదుటివాడి ముందు నిలబడటం ఎలా ఉంటుందో గుర్తుండాలని. రేపు ఎవరైనా నీ ముందు అలా నిలబడితే ఈ రోజును తలచుకోమని.

నాచారం పెద్దాయన చేరి దశాబ్దాలయినా ఆ ఒక్క నిమిషం మరచిపోలేదట. నెలాఖరున అప్పుకోసం వచ్చే తోటి కార్మికుడిని అంతకుముందు విసుక్కునేవాడినని, ఆ తర్వాత విసుక్కోలేకపోయానని ఆయన చెప్పారు. సమావేశం చివర్లో ఒక సంచీ తిప్పుతారు. ఎవరు ఎంత వేశారో పక్కవాడికి తెలియదు. కోయంబత్తూరులో పిల్లల కోసం నడుస్తున్న మేసోనిక్ వైద్యకేంద్రం వంటివి ఇలాంటి దానాల మీద వచ్చినవే.

అన్నం దగ్గర అసలు స్నేహం

సభ ముగిశాక భోజనాలు. నిజానికి చాలామంది దీనికోసమే వస్తారని పెద్దాయన నవ్వుతూ ఒప్పుకున్నారు. దేశానికి, సంఘానికి, కొత్తగా వచ్చిన అతిథులకు వరుసగా శుభం కోరుతూ గ్లాసులెత్తుతారు. ఆయన గ్లాసులో ఎప్పుడూ నిమ్మరసమే. చివరిది టైలరు పలికేది. ఎక్కడెక్కడో చెదిరిపోయి ఉన్న, కష్టాల్లో ఉన్న సభ్యులందరూ క్షేమంగా ఉండాలని, కోరుకున్నవారు ఇల్లు చేరాలని. అది అయ్యాక ఎవరి దారి వారిది.

ఈ సహపంక్తి అంత తేలికగా రాలేదు. ఇంగ్లీషు కవి రడ్యార్డ్ కిప్లింగ్ లాహోర్ లాడ్జిలో సభ్యుడు. 1896లో అచ్చయిన తన సంపుటిలో ఆ లాడ్జి మీద ఒక గేయం రాశాడు. రైల్వే ఉద్యోగి, గుమాస్తా, హిందువు, ముస్లిం, సిక్కు అందరూ అక్కడ కలిసి కూర్చునేవారు గానీ, ఎవరి కులం చెడుతుందోనని విందు మాత్రం పెట్టుకోలేకపోయేవారని అందులో ఉంది. అసలు బెంగాల్‌లో హిందువులను చేర్చుకోవడానికే ఏళ్ల తరబడి అడ్డుపడ్డారు. ప్రసన్న కుమార్ దత్తు అనే ఆయన పట్టు వదలకుండా పోరాడితే చివరికి 1872లో తలుపు తెరిచారు. గోషామహల్ బారాదరి సంఘానికి దక్కింది కూడా ఆ సంవత్సరమే. తర్వాత 1884లో నరేంద్రనాథ దత్తు అనే యువకుడు కలకత్తాలో ఒక లాడ్జిలో చేరాడు. లోకం ఆయన్ను వివేకానంద స్వామిగా ఎరుగును. మోతీలాల్ నెహ్రూ కూడా ఈ సంఘంలో సభ్యుడే.

భూతబంగ్లా ఎందుకయింది?

మన దేశంలో చాలాచోట్ల లాడ్జి భవనాన్ని జనం 'జాదూఘర్' అనీ, 'భూత్ బంగ్లా' అనీ పిలిచారు. తమిళనాట అయితే తలలు నరికే గుడి అనే అర్థం వచ్చే పేరు పెట్టారు. కారణం వెతికితే దొరుకుతుంది. తలుపులు మూసి ఉంటాయి. బయట కత్తి. లోపల మెడలో తాడు. మూడో మెట్టులో, సాల్మన్ రాజు గుడి కట్టిన హీరాం అనే పెద్దమేస్త్రీ కథ నడిపిస్తారు. రహస్యం చెప్పమని ముగ్గురు పనివాళ్లు చంపుతామన్నా ఆయన చెప్పలేదు, ప్రాణం పోగొట్టుకున్నాడు. ఆ ఘట్టంలో పుర్రె, ఎముకల గుర్తులు వస్తాయి. వీటిలో ఏ ఒక్కటి వంటవాడి కంటపడినా బజారుకు వచ్చేసరికి పది దయ్యాలవుతాయి.

అయితే విమర్శలన్నీ దయ్యాల కథలే అనుకుంటే పొరపాటు. రోమన్ కేథలిక్ చర్చి 1738లోనే తనవారిని ఇందులో చేరవద్దని ఆజ్ఞాపించింది. 2023లో కూడా ఆ మాటే మళ్లీ చెప్పింది. పాకిస్తాన్ 1972లో ఈ సంఘాన్ని నిషేధించింది. ఇటలీలో 'పి2' అనే లాడ్జి, పై సంఘం దాని గుర్తింపు తీసేసిన తర్వాత కూడా రహస్యంగా నడిచింది. మంత్రులు, సైన్యాధికారులు, పత్రికాధిపతులు సహా 962 పేర్ల జాబితా 1981లో బయటపడి అక్కడి ప్రభుత్వమే పడిపోయింది. తలుపు మూసుకొని పెద్దలు కూర్చుంటే, లోపల కాంట్రాక్టులు, బదిలీలు మాట్లాడుకోవడం లేదని బయటివాడు ఎలా నమ్మాలి? సంఘాన్ని సొంత లాభానికి వాడుకోరాదని వారి నియమం. నియమం వేరు, మనిషి వేరని మనకు తెలియనిది కాదు.

ఆడవాళ్ల మాట మరొకటి. గ్రాండ్ లాడ్జ్ ఆఫ్ ఇండియా లాడ్జీల్లో స్త్రీలకు సభ్యత్వం లేదు. స్త్రీ పురుషులు కలిసి కూర్చునే వేరే శాఖ ఉంది. అనీబీసెంటు దానికి నాయకత్వం వహించి మన దేశంలో వ్యాపింపజేశారు. కానీ ఈ రెండు శాఖలకూ పొత్తు లేదు. నాచారం ఇల్లాలు ఏడాదికోసారి జరిగే కుటుంబ విందుకు మాత్రం వెళుతుంది. "నెలకో పూట మగాయన మీదికి కోపం రాకుంట ఉండడం నేర్చుకొని వస్తడు, నాకు అంతే చాలు" అని ఆమె తీర్పు.

మేస్త్రీ అడిగిన ప్రశ్న

ఇక ఆ ప్రశ్న. అంతా విన్న తర్వాత మేస్త్రీ చేతులు దులుపుకుంటూ, "అన్నీ మా పనిముట్లే గద సార్. మరి మీ దాంట్ల మా మేస్త్రీలు ఎంతమంది ఉన్నరు?" అన్నాడు.

పెద్దాయన కాసేపు మాట్లాడలేదట. నియమాల ప్రకారం అడ్డమేమీ లేదు. యుక్తవయసు వచ్చి, దేవుడిని నమ్మి, మంచివాడని పేరుండి, ఇద్దరు సభ్యులు పూచీపడితే ఎవరైనా అర్జీ పెట్టుకోవచ్చు. కానీ ఆయనకు తెలిసినంతలో తన లాడ్జిలో ఇన్నేళ్లలో ఒక్క తాపీ మేస్త్రీ కూడా లేడు. డాక్టర్లున్నారు, వ్యాపారులున్నారు, ఇంజనీర్లున్నారు. చేరిక రుసుం ఉంది. ఏటా చందా ఉంది. కోటు కావాలి. పేజీల కొద్దీ పాఠం ఇంగ్లీషులో కంఠస్థం పట్టాలి. పొద్దున ఏడింటికి అడ్డా మీద నిలబడి, సాయంత్రం ఒళ్లు హూనమై ఇల్లు చేరేవాడికి ఇవి ఎక్కడ కుదురుతాయి? తలుపు తాళం వేసి లేదు. గడప మాత్రం ఎత్తుగా ఉంది.

మేస్త్రీ నిష్ఠూరంగా అడగలేదు. అడిగి, మళ్లీ పనిలోకి దిగాడు. మర్నాడు గోడ మీద రసమట్టం పెట్టి చూపిస్తూ, బుడగ నడిమికి వచ్చింది చూడండి సార్ అన్నాడు. తనకు ఆ మాట పనిగురించి అన్నట్టు అనిపించలేదని పెద్దాయన ఈ విలేకరితో అన్నారు.

మనకు పనికివచ్చేది

నెలకోసారి కూర్చోవడం మన పల్లెలకు కొత్త కాదు. ఏకాదశి భజనలున్నాయి, చిట్టీల పాటలున్నాయి, కులసంఘాలున్నాయి, మహిళల పొదుపు సంఘాలున్నాయి. కానీ భజనలో ఒక మతంవారే ఉంటారు. కులసంఘంలో ఒక కులంవారే. చిట్టీలో డబ్బు మాట తప్ప మరొకటి రాదు. అన్ని కులాలవారు, అన్ని పార్టీలవారు నెలకో పూట మతం, రాజకీయం గడప బయట వదిలి కూర్చొని, రానివాడు ఎందుకు రాలేదో విచారించి, చివర్లో చేయి కనబడకుండా సంచీలో పదో పరకో వేసి, కలిసి అన్నం తిని లేచే చోటు మన ఊళ్లో ఒకటుందా అని ఎవరికివారు ఆలోచించుకోవచ్చు. దానికి కత్తి, కోటు, ఇంగ్లీషు అక్కరలేదు. రచ్చబండ ఉంటే చాలు.

ఉప్పల్, నాచారం ఒకప్పుడు మనలాంటి పల్లెలే. ఫ్యాక్టరీలు వచ్చాయి, ఉప్పల్ మునిసిపాలిటీ అయింది, 2007లో మహానగరంలో కలిసింది. రాళ్లగుట్టలు చాలావరకు పునాదుల్లోకి వెళ్లాయి. పక్కింట్లో ఎవరున్నారో తెలియని రోజులు వచ్చాయి. అలాంటిచోట ఒక మనిషిని తెలిసినవాడిగా పలకరించే నలుగురు ఉండటం చిన్న సంగతి కాదు. ఆ నలుగురిలో ఎవరుంటారు, ఎవరుండరు అన్నదే మేస్త్రీ అడిగిన ప్రశ్న.

లాడ్జి సభ ముగించే ముందు మాస్టరు మూడుసార్లు అడుగుతాడు, సంఘం మేలు కోసం ఎవరైనా చెప్పవలసింది ఉందా అని. ఈసారి తాను లేచి మేస్త్రీ ప్రశ్నను సభ ముందు పెడతానని పెద్దాయన అన్నారు. పెట్టారా, పెడితే వాళ్లేమన్నారు అని తర్వాత అడిగితే నవ్వి ఊరుకున్నారు. లోపలి మాట బయట చెప్పకూడదు గదా!

దసరా సాయంత్రం మేస్త్రీ జమ్మి ఆకు పట్టుకొని ఆ ఇంటికి వచ్చాడు. తాను కట్టిన ప్రహరీగోడ గేటు దగ్గరే పెద్దాయన ఎదురయ్యారు. బంగారం చేతిలో పెట్టాక ఇద్దరూ అలాయ్ బలాయ్ తీసుకున్నారు. లోపల భోజనాలకు రెండు ఆకులు పక్కపక్కనే వేయించానని ఇల్లాలు చెప్పింది.